పన్నెండిళ్ల కాయితం

ఆ పొద్దు బాలబడి గేటు దగ్గర జాడకన్ను అరవలేదు. బుచ్చిరాములుకు అదే అనుమానం.

"మూత తియ్యవ్వా," అన్నాడు.

మదార్ బీ చంకలో గిన్నె దించి మూత తీసింది. బుచ్చిరాములు వేలు ముంచి ఎత్తితే, దాంతోపాటు మూరెడు జిగురుతీగ సాగింది.

"గిదేంది?"

"బెండకాయ జిగురు బిడ్డా. మొన్న, నిన్న గూడ గిదే అడిగినవ్. రేపటికి మూత మీద పేరు రాసి తెస్త."

"కాయితానికి కూరగాయలెందుకు?"

"గుజ్జు గడ్డకట్టకుండ నీళ్లల్ల అంతటా పరుచుకోవాలె గద."

ఆ జవాబు బుచ్చిరాములుకు మరీ తేలిగ్గా వచ్చినట్టనిపించింది. ఆయన తన నీడ తనకంటే ముందు నడిస్తే, ఆపి "ఎక్కడికి?" అని అడిగే రకం. అందుకే గేటు దగ్గర జాడకాపరి కొలువు వెతుక్కుంటూ వచ్చింది.

ఆ పట్నంలో ఉప్పుకల్లు మొదలు ఉయ్యాలబల్ల దాకా అన్నిట్లో జాడపొడి కలిసి ఉండేది. ఏ వస్తువు ఏ ఇంటిదో జాడకన్ను రెప్పపాటులో చెప్పేది. చిరిగిందీ పగిలిందీ ఇంట్లోని తిరుగుగొట్టంలో వేస్తే చాలు. ఆ గొట్టం చురుకుదనం ఏమని చెప్పాలి! చిరిగిన లాగు అందులో వేసి, మొలకు తువ్వాలు చుట్టుకునేలోపే కొత్త లాగు ఇస్త్రీతో సహా వచ్చి పడేది. ఎవరింటి చెత్త వాళ్లింటికే సరుకై తిరిగొచ్చేది. దొంగతనం పోయింది. పక్కింటికెళ్లి చారెడు చింతపండు అడగడమూ పోయింది. పరాయింటి వస్తువు చేతిలో కనబడితే జాడకన్ను గోల పెట్టేది, గేట్లు బిగుసుకునేవి. సొంతదారు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి "నేనే ఇచ్చిన" అంటే తప్ప తెరుచుకునేవి కావు. ఆ మాట ఎవరైనా అనగా విని ఎన్నేళ్లయిందో!

అలాంటి పట్నంలో బుచ్చిరాములు మనవరాలు, అయిదేళ్ల చుక్క, ఒకనాడు చచ్చిన పిట్టను గొట్టంలో వేసింది. కొత్త పిట్ట వస్తుందని ప్రతి పొద్దునా గింజలు పట్టుకొని గొట్టం ముందు కూర్చునేది. ఆ సంగతి విన్న సువర్ణ టీచరుకు నిద్ర పట్టలేదు. పాతది కొత్తదెలా అవుతుందో పిల్లలు చేతులతో తెలుసుకోవాలని, పట్నం అవతలి నుంచి కాయితాలు చేసే మదార్ బీని పిలిపించింది.

అవ్వ మీద అప్పటికే రెండు తప్పులు పడ్డాయి. ఒకనాడు పిల్లలిళ్ల కాయితపు గుజ్జు కొంగుకు అంటుకొని గేటు దాటబోయింది. ఇంకోనాడు చుక్క పెట్టిన బెల్లంముక్క నోట్లో ఉంది. కన్ను నోట్లోదాన్ని కూడా పట్టింది. మూడో తప్పు పడితే పట్నంలోకి రానిచ్చే ముద్ర చెరిగిపోతుంది, అవ్వ మళ్లీ గేటు దాటలేదు, పాఠం ఆగిపోతుంది. ఆ మూడోది తనే వేయాలని బుచ్చిరాములు జిగురు సంగతి మొన్ననే ఫిర్యాదు చీటీ మీద నీలం సిరాతో రాసి, ఇంట్లో బియ్యం డబ్బా వెనక దాచాడు. ఈ పొద్దు చూస్తే అది లేదు!

'ముసల్ది గిన్నెల పెట్టుకొని పోయిందా?' అనుకున్నాడు. పైగా ఈ పొద్దు చుక్క గొట్టం ముందు కూర్చోలేదు. గింజలు గోడ మీద చల్లి బడికొచ్చేసింది. అది ఇంకో అనుమానం.

రోజంతా కిటికీకి అతుక్కుపోయాడు. లోపల పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చి నిన్న నానబెట్టిన పాత కాయితం ముక్కల్ని రోట్లో దంచుతున్నారు. గుజ్జును తొట్టినీళ్లలో కలిపి, జల్లెడ ముంచి, లేవనెత్తి, బట్ట మీద బోర్లిస్తున్నారు. మోచేతుల దాకా గుజ్జే.

"గుంజకు బిడ్డా! నీళ్లను కారనియ్యి," అంటోంది అవ్వ.

"మాయింటి ముక్క ఏడున్నది అవ్వా?" అని ఒక పిల్లవాడు.

"తొట్టిల. ఇంక నీకు దొరకది."

వాడు కాసేపు ఏడుపు మొహం పెట్టి, మళ్లీ జల్లెడ ముంచాడు. మధ్యాహ్నపు ఎండ ఎలాంటిదనుకున్నారు! గోడకంటించిన కాయితాలు బడి వదిలేలోపు అప్పడాల్లా ఎండాయి.

పన్నెండుమంది పిల్లలు తలా ఒక కాయితం పట్టుకొని గేటు దగ్గరికి వచ్చారో లేదో, జాడకన్ను ఊరి కుక్కలన్నీ ఒక్కసారి మొరిగినట్టు గోల పెట్టింది. గేటు బిగుసుకుంది.

"ప్రతి కాయితానికీ పన్నెండిళ్ల సొంతదార్లు. అందరూ రావలెను. పొద్దుగూకేలోపు రాకుంటే తప్పు మదార్ బీ పేర."

కన్ను కబురంపింది. పదకొండిళ్ల నుంచి తల్లో తండ్రో పరుగెత్తుకొచ్చారు. ఒకే వీధిలో ఉంటూ ఒకరి పేరొకరికి తెలియనివాళ్లు, గేటు సందులోంచి చేతులు చాపి కాయితాల మీద పెట్టారు.

"నేనే ఇచ్చిన," అంది ఒకామె. అని తనే సిగ్గుపడింది. "నేను గూడ," అన్నాడు పక్కాయన. "మీది గా పచ్చ తలుపుల ఇల్లే గద?"

"పన్నెండో ఇల్లు రాలేదు," అంది కన్ను.

బుచ్చిరాములు గుంపునంతా గుచ్చి గుచ్చి చూశాడు. "ఎవరయ్యా దాక్కున్నది? బయటికి రాండ్రి!"

"నువ్వే తాతా," అంది చుక్క.

తన కాయితం ఎత్తి చూపింది. మధ్యలో గోరంత ముక్క, నీలం సిరా. 'జిగురు' అన్న బుచ్చిరాములు రాత.

"పనికిరాని కాయితం తెమ్మన్నది టీచరు. డబ్బా ఎనక పారేసినవ్ గద?"

బుచ్చిరాములు చేతులు జేబులో దోపుకొని గోడ వైపు తిరిగాడు. గోడ మీద ఎండ జానెడే మిగిలింది. చీటీ పోతే పోయింది. అలాగే నిలబడితే చాలు, అనుకున్న పని అదే అయిపోతుంది. అవ్వ అప్పటికే గిన్నె కడిగి బోర్లించింది, ఇక దాంతో పని లేనట్టు.

"పొద్దుగాల గొట్టం కాడ ఎందుకు కూసోలేదే?" అన్నాడు చుక్కతో, ఏదో ఒకటి అనాలి గనక.

"పిట్ట రాదు తాతా. తొట్టిల పడ్డది మళ్ల గదే కాదు, ఇంకోటైతది. గింజలు వేరే పిట్టలు తింటయ్."

ఆర్నెల్లుగా ఆ ముక్క చెప్పడానికి నోరు రాక, పిల్లకు రోజూ గింజలు తనే పోసిచ్చాడు బుచ్చిరాములు.

ఎండ గోడ దిగుతుండగా జేబులోంచి చెయ్యి తీశాడు. చుక్క కాయితం మొదలుకొని పన్నెండిటి మీదా పెట్టాడు.

"నేనే ఇచ్చిన," అన్నాడు, ఎవరో గొంతు పట్టుకొని చెప్పించినట్టు.

గేటు తెరుచుకుంది. ఎవరూ కదల్లేదు. చీకటి పడేదాకా ఒకరి కాయితంలో ఒకరి ముక్కలు వెతుక్కుంటూ అక్కడే నిలబడ్డారు. మర్నాటి నుంచి ఏమైందంటే, వీధిలో చారెడు చింతపండూ గిన్నెడు పులుసూ చేతులు మారసాగాయి. జాడకన్ను అరిచి అరిచి బొంగురుపోయింది. ప్రతి అరుపుకూ ఎవరో ఒకరు "నేనే ఇచ్చిన" అంటూ ఉరికొచ్చేవారు.

ఆ మర్నాడు పొద్దున్నే మదార్ బీ గిన్నెతో వచ్చింది. బుచ్చిరాములు అడ్డం నిలబడ్డాడు.

"మూత తియ్యవ్వా."

వేలు ముంచాడు. తీగ జానెడే సాగింది. అనుమానంగా అవ్వ మొహంలోకి చూశాడు.

"నిన్న మూరెడు వచ్చింది. ఇయ్యాల పల్చగైంది. బెండకాయలు తక్కువేసినవా?" అని, జేబులోంచి తన ఇంటి బెండకాయలు నాలుగు తీసి గిన్నెలో పడేశాడు.

జాడకన్ను గోల పెట్టింది.