పాదం ఆడిన అబద్ధం

హిల్లెవి టోర్కెల్‌తో మాట్లాడిన మొదటి మాటే తిట్టు.

"ఇది మనిషి కాలు పెట్టడానికా, మేక కాలు పెట్టడానికా?"

ఉప్సాలాలోని ఒక ల్యాబులో టోర్కెల్ పరికరాలు చేసే మెకానిక్. హిల్లెవి అక్కడే కండరాల మీద థీసిస్ రాస్తున్న డాక్టరు. పాదాన్ని పట్టీతో బిగించి పైకి లాగితే, ఎంత బలంతో లాగారో కాగితం మీద గీత గీసి చూపించే ఇనుప పలక చేయమని కొలతలు రాసి చీటీ పంపింది. అది రెండంగుళాలు పొట్టిగా వచ్చింది.

"కొలతలు నువ్విచ్చినవేగా తల్లీ! నీ కాలే కొలిచి ఇచ్చినట్టున్నావు."

హిల్లెవి తన బూట్ల వంక చూసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పకపకా నవ్వేసింది. ఆ నవ్వు దగ్గరే మనవాడి పని అయిపోయింది. కొత్త పలక చేసి, "ముందు నా కాలే కట్టేయ్" అని తనంతట తానే కుర్చీ ఎక్కాడు.

పరీక్ష చిన్నదే. మొదట శక్తికొద్దీ లాగాలి. ఆమె చెవి పక్కనే నిలబడి, "ఇంకా! ఇంకా! వదలకు!" అని అరుస్తుంది. మధ్యలో కరెంటుతో చిన్న చురక పెడుతుంది. తర్వాత చీలమండ పైన ఒక చిన్న మోటారు కట్టి, కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువుని అరగంట సేపు గడగడా వణికిస్తుంది. మళ్ళీ లాగమంటుంది.

"ఎందుకిదంతా?" అని అడిగాడు మొదటి రోజు.

"కండరం ఊరికే లాగదు. 'లాగుతున్నా, లాగుతున్నా' అని పైకి కబురు పంపుతూ ఉంటుంది. మెదడు ఇచ్చిన ఆజ్ఞకి ఆ కబురే ఆసరా. అరగంట వణికిస్తే కబురు పంపేవి మొద్దుబారతాయి. అప్పుడు ప్రాణం పెట్టి లాగినా బలం తగ్గుతుంది."

టోర్కెల్‌కి ఇందులో నచ్చింది ఒక్కటే, ఆ అరగంట. మోటారు గుర్రుమంటుంటే ఇద్దరికీ వేరే పనుండేది కాదు. హిల్లెవి ఫ్లాస్కులో కాఫీ పోసి, దాల్చినచెక్క బన్ను చెరి సగం చేసేది. కిటికీ మీద వాన జారుతుంటే వాళ్ళ నాన్న పడవ గురించీ, ఈల వేయడం రాని తన తమ్ముడి గురించీ చెప్పేది.

పరీక్ష సరిగ్గా అయిపోతే మళ్ళీ పిలవదు కదా! అందుకే మొదటిసారి కాస్త దాచుకుని లాగేవాడు. మోటారు తీశాక ప్రాణం పెట్టి లాగేవాడు. రెండు గీతలూ సమానంగా వచ్చేవి.

"నీ కాలు అందరి కాళ్ళలా లేదే! వచ్చే గురువారం మళ్ళీ రా."

అలా ఆరు గురువారాలు గడిచాయి. మిగతా ఆరు రోజులూ వర్క్‌షాపులో స్క్రూలు బిగిస్తూ ఆమె అరుపు తలుచుకునేవాడు. కాంటీన్‌లో ఎదురుపడితే మాత్రం ట్రే పట్టుకుని పక్కకి తప్పుకునేవాడు.

ఏడో గురువారం ఆమె పట్టీ బిగిస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

"సోమవారం మాల్మో వెళ్ళిపోతున్నా. అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం. ప్రొఫెసర్ నీ కాగితాలు అడిగారు. నీ గీతల సంగతి తేలకపోతే థీసిస్ ఆగిపోతుంది."

టోర్కెల్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వెళ్ళిపోతోంది, పైగా తన వెధవ వేషాలకి ఆమె మూడేళ్ళ కష్టం మునిగేలా ఉంది. ఈసారి పళ్ళు బిగించి నిజంగా లాగాడు. అరగంటా మోటారు ఒక్కటే గుర్రుమంది. కాఫీ చల్లారిపోయింది. మోటారు తీశాక అంతే కసిగా లాగాడు. గీత చాలా కిందనే ఆగిపోయింది.

"దాచుకోలేదు, ఒట్టు! ప్రాణం పెట్టే లాగాను."

"తెలుసు."

"ఇన్నాళ్ళూ దాచుకున్నాను హిల్లెవీ. నువ్వు మళ్ళీ పిలవాలని. ప్రొఫెసర్‌తో నేనే చెప్తాను, తప్పంతా నాదేనని."

ఆమె సొరుగులోంచి ఆరు కాగితాలు తీసి అతని ఒళ్ళో పరిచింది. ప్రతి దాని మీదా మొదటి గీత మధ్యలో ఒక చిన్న గుట్ట ఉంది.

"చురక ఎందుకు పెడతాననుకున్నావు? నిజంగా అంతా లాగుతుంటే చురకకి గీత లేవదు. దాచుకుంటేనే ఎగురుతుంది. నాకు మొదటి గురువారమే తెలుసు."

"మరెందుకు పిలిచావు?"

"అరగంట కోసం."

"మరి థీసిస్?"

"నీ కాగితాలు అందులో పెట్టనేలేదు. ప్రొఫెసర్ అడగనూ లేదు. అబద్ధాలు నువ్వొక్కడివే ఆడాలా?"

బస్‌స్టాప్‌కి బయల్దేరేసరికి మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడింది, సన్నగా వాన. అతని పాదం ఇంకా తడబడుతోంది. ఆమె భుజం ఇచ్చింది.

"నేనొక్కడినే లాగుతున్నాననుకున్నా ఇన్నాళ్ళూ. నీ దగ్గర్నుంచి కబురే లేదు. బలం ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పు?" అన్నాడతను. "మాల్మోలో పలకలు చేసేవాళ్ళు బోలెడుమంది ఉంటారు."

"ఉంటారు. నా కాలి కొలత తెలిసినవాళ్ళు లేరు."

అతను ఆగిపోయాడు. వానకంటే మెల్లగా అన్నాడు, "నువ్వంటే నాకు ప్రేమ."

హిల్లెవి అతని చెవి పక్కకి వచ్చి ల్యాబు గొంతు అందుకుంది.

"ఇంకా! ఇంకా! వదలకు!"

"నువ్వంటే ప్రాణం హిల్లెవీ!" అని అరిచాడు. స్టాపులో గొడుగు కింద ఉన్న ముసలావిడ ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

"నాకూ" అంది హిల్లెవి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "సోమవారం ఏడింటికి రైలు. పెట్టె సర్దుకో."