బీరపాదుకు సాక్షి

పొద్దుటినుంచి కుముదిని మూడు పాదులు వాడ్చింది. కాకర, దొండ, పొట్ల. ముందు నులితీగల కొసలు, తర్వాత ఆకులు, చివరికి పువ్వు. రంగంతా ఒక్కసారిగా లాగేస్తే ఇళ్లలో పిల్లలు జడుసుకుంటారని ఆమె నెమ్మదిగా వాడుస్తుంది. నేలకింది నగరంలో లక్ష ఇళ్ల గోడతెరల మీద ఆ పాదులు సాయంత్రానికల్లా మాసిపోయి ఉత్త గుడ్డ మిగులుతుంది.

నియమం చిన్నదే. మొక్కను చేత్తో తాకినవాళ్లు ఒక్కరైనా బతికుంటేనే దాని నమూనా తెరమీద ఉండాలి. ఆ ఒక్కరూ పోతే అది నిజమని చెప్పేవాళ్లుండరు.

ఆమె పలక మీద నాలుగో చీటీ వెలిగింది. బీర. సాక్షి అలివేలు, తొంభై రెండేళ్లు. మరణం మొన్న.

అలివేలు కుముదిని తల్లి. ఈ చీటీ ఇంకొకరి చేతిలో పడకూడదనే మూడోరోజునే పనిలోకి వచ్చింది.

"ఇలా ఇవ్వవే, నేను చేస్తాను," అంది పక్క పలక దగ్గరి భ్రమర.

"నీది మోటు చెయ్యి. పోయినసారి గుమ్మడిని నరికినట్టు చేశావు."

"ఇవాళ కూడా వంకలేనా తల్లీ!"

పదకొండేళ్ల కిందట ఈ నమూనా గీస్తుంటే అమ్మ పక్కనే కూర్చుని, "ఆకు అంత నునుపేమిటే, పట్టుచీరా? చెయ్యి గీసుకుపోవాలి," అని ఏడుసార్లు దిద్దించింది. కుముదిని మొదటి నులితీగ కొస వాడ్చింది. రెండోదాని మీద వేలు ఆగిపోయింది. కాసేపటికి సాక్షిపట్టీ తెరిచింది.

"కొత్త సాక్షి పేరు?" అడిగింది సాక్ష్యాలు సరిచూసే యంత్రం ధ్రువణి.

"కుముదిని."

"నీకేమైనా మతిపోయిందా?" భ్రమర గొంతు తగ్గించింది. "నువ్వు పుట్టేనాటికి పాదులెక్కడివి? తెలిస్తే తెరవెలి వేస్తారు. నాలుగు ఉత్త గోడల మధ్య చస్తావు."

సాక్షులు అబద్ధమాడతారని ధ్రువణిని చేసినవాళ్లకు తోచలేదు. చెయ్యి ఎరిగిన సంగతులే అది అడుగుతుంది.

"పువ్వు విచ్చే వేళ?"

"పొద్దుగూకే వేళ. లోకంలో పువ్వులన్నీ తెల్లారి లేస్తే ఇది సాయంత్రం లేస్తుంది, మా ఆయనలాగా."

భ్రమర ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. కుముదినికి పెళ్లే కాలేదు.

"కాయ?"

"నిలువు ఈనెల మీది చెక్కు తీసి పారేశావో, ఊరుకోను. పచ్చడి చెయ్యాలి."

ధ్రువణి జవాబులు సరిచూసుకుంది. "సాక్ష్యం సరిపోయింది. పట్టీలో ఒక్క పేరుకే చోటు. పాత పేరు తీసివేయండి."

లక్ష తెరల అంచున చిన్న అక్షరాల్లో అమ్మ పేరుంది. ఇక మరెక్కడా లేదు. కుముదిని లు తీసింది. వే తీసింది. లి దగ్గర చాలాసేపు ఉండిపోయింది. ఆ తర్వాత అదీ, అ కూడా తీసి, తన పేరు రాసుకుంది. వాడిన నులితీగ కొస మళ్లీ పచ్చబడింది.

భ్రమర తన పలక మీద పాత చీటీలు వెనక్కి తిప్పుతోంది. ఎప్పుడో వాడ్చేసిన మునగ దగ్గర ఆగింది.

"మా నాయనమ్మ పేరు ఇంకా ఇందులోనే ఉందే," అంది. "మునగపువ్వు గురించి ఎన్ని చెప్పేదో. ఏం చెయ్యాలి?"

"ముందు ఆవిడ పేరు తీసెయ్యాలి," అంది కుముదిని తలెత్తకుండా. "నెమ్మదిగా తియ్యి."