ఆరువందల నలభై శబ్దాలు

మంగళవారం పొద్దున ఏడున్నరకు, గుడ్లు ఉడికాయని పొయ్యి పక్కనున్న చిన్న గంట మోగింది. గోట్‌హార్డ్ ఊలిగ్‌కు అది వినపడలేదు. ఎదురుగా కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటున్న భార్య ట్రౌడెల్ కత్తి పక్కన పెట్టి లేవడం చూసి, ఓహో, మోగిందన్నమాట అనుకున్నాడు. తనకూ వినపడినట్టే తల ఊపాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు యంత్రాల మధ్య బతికిన మనిషి. మొదట కెమ్‌నిట్స్ నూలుమిల్లులో, అది మూతపడ్డాక ప్రెస్సులో మెకానిక్కు. ఒక్క బోల్టు కూడా విప్పకుండా, పక్కన నిలబడి చెవి ఒగ్గి, ఈ బేరింగ్ ఎండిపోయింది, ఆ బెల్టు వదులైంది అని చెప్పేవాడు. ఆ చెవి మీద నమ్మకంతోనే కూతురు రీకె బెర్లిన్‌లో స్టార్టప్ పెట్టింది. ఫ్యాక్టరీల్లో యంత్రాల చప్పుడు విని, అవి చెడిపోకముందే హెచ్చరించే ప్రోగ్రాము వాళ్ళది. దానికి ముందు ఎవరో ఒకరు నేర్పాలి. మూడేళ్ళపాటు గోట్‌హార్డ్ ఈ వంటింటి బల్ల దగ్గరే హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదకొండువేల శబ్దాలు విన్నాడు. ఒక్కోదాని ఎదురుగా 'బాగుంది' అనో, 'నూనె లేదు' అనో, 'బేరింగ్‌లో గోళీ పగిలింది' అనో రాశాడు. అందుకు రీకె కంపెనీలో మూడు శాతం వాటా తండ్రి పేర రాసింది.

అయితే మొన్న డిసెంబరు నుంచి అతనికి సన్నటి శబ్దాలు వినపడటం లేదు. డాక్టరు పరీక్ష చేసి, మాటలకేం ఢోకా లేదు గానీ పైస్థాయి సన్నటి శబ్దాలు ఇక చెవికి రావని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం చొక్కా జేబులోనే ఉంది. డిసెంబరు తర్వాత అతను గుర్తులు పెట్టినవి ఆరువందల నలభై. వినపడినంత విని, మిగతాది తెర మీది గీతల్ని చూసి ఊహించి రాశాడు. ఈవేళ పదకొండింటికి నోటరీ దగ్గర మ్యూనిక్ పెట్టుబడిదారులతో ఒప్పందం. వాటాదారుగా అతనూ సంతకం పెట్టాలి. ఆలోపల కూతురికి ఈ సంగతి చెప్పెయ్యాలి.

"చూశావా ఏమయ్యా, నీ కూతురి ఫోటో పడింది," అంది ట్రౌడెల్, చేతిలో టాబ్లెట్ అతని వైపు తిప్పుతూ.

స్టార్టప్‌ల వార్తలు రాసే సైటు అది. రీకె, ఆమె వ్యాపార భాగస్వామి యానిక్ తెల్లబూట్లు వేసుకుని ఓ ఇటుక గోడకి ఆనుకుని నవ్వుతున్నారు. పైన పెద్ద అక్షరాలు: 'ఎవరూ నేర్పకుండా తనంతట తానే వినడం నేర్చుకున్న యంత్రం'.

"ఎవరూ నేర్పకుండానా? మరి మూడేళ్ళుగా నా బల్ల దగ్గర కూర్చుని, మిరపకాయ తిన్నవాడిలా మొహం పెట్టి విన్నదెవరు? దయ్యమా?" అంది ట్రౌడెల్.

"పోనీలే. విలేకరులు అలాగే రాస్తారు."

"విలేకరులకు చెప్పిందెవరు? దాని చదువుకని నేను బేకరీలో నాలుగింటికి లేచి పిండి పిసికాను. మన రెండు కుటుంబాల్లో యూనివర్సిటీ గడప తొక్కింది అదొక్కతే. కన్నతండ్రి పేరు చెప్పకూడదని అక్కడేమైనా నేర్పారేమో!"

గోట్‌హార్డ్ గుడ్డు పెంకు ఒలుస్తూ కూర్చున్నాడు. ఆ వార్త గుచ్చుకోలేదని కాదు. కానీ జేబులో కాగితం ఉన్న మనిషికి, నా పేరు వెయ్యలేదేమని అడగడానికి నోరు రాలేదు.

తొమ్మిదింటికి రీకె వచ్చింది. ఒక చేతిలో కారు తాళాలు, ఇంకో చేతిలో ఫోను. తల్లి చెంప మీద ముద్దు పెట్టి, తండ్రి భుజం తట్టి, నిలబడే కాఫీ అందుకుంది.

"రీకె, నీతో ఒక మాట..."

"రెండు నిమిషాలు నాన్నా, యానిక్ లైన్లో ఉన్నాడు."

రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి ఫోను చెవి నుంచి దించగానే గోట్‌హార్డ్ లేచి నిలబడ్డాడు. ఈలోపు మళ్ళీ మోగింది. అతను మళ్ళీ కూర్చున్నాడు.

"తిండి తినవే," అంది ట్రౌడెల్. "మనిషివి సగం కూడా లేవు."

"సంతకాలయ్యాక తింటానమ్మా. సంతకాలయ్యాక నిద్ర కూడా పోతాను."

కారులో తండ్రీకూతుళ్ళిద్దరే ఉంటారు కదా, అక్కడ చెప్పొచ్చనుకున్నాడు. కారు కదలగానే స్పీకరులోంచి యానిక్ గొంతు కారంతా నిండిపోయింది. హాలెండ్ పాల ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చే నెల నుంచే మొదలుపెడతారట. మ్యూనిక్ నుంచి సేడెల్‌మేర్ గారు ముందుగానే వచ్చి కూర్చున్నారట. గోట్‌హార్డ్ కిటికీలోంచి ట్రాము పట్టాల వంక చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఏ యంత్రమూ అతణ్ణి ఇంత విసిగించలేదు. యంత్రాన్ని మీట నొక్కి ఆపొచ్చు. ఈ పిల్లని ఎక్కడ నొక్కితే ఆగుతుంది?

నోటరీ మెట్ల దగ్గర కూతురి మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"రీకె. ఒక్క నిమిషం. శబ్దాల గురించి..."

"ఆ వార్త గురించేగా? అమ్మ మొహం చూస్తేనే తెలిసిపోయింది. నేను అలా చెప్పలేదు నాన్నా, వాళ్ళే రాసుకున్నారు. సాయంత్రం కూర్చుని ఎంతసేపైనా తిట్టు. ఇప్పుడొద్దు, ప్లీజ్."

"వార్త కాదు తల్లీ..."

అప్పటికే ఆమె రెండు మెట్లు పైన ఉంది.

నోటరీ వెండ్లర్ గారికి అరవై దాటాయి. గది గుమ్మంలోనే బుట్ట పెట్టి అందరి ఫోన్లూ అందులో వేయించారు. ఒప్పందం డెబ్భైనాలుగు పేజీలు. వాటాలు చేతులు మారాలంటే దాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా నోటరీ పైకి చదవాలి, సంతకం పెట్టేవాళ్ళందరూ కూర్చుని వినాలి. అదీ చట్టం. మూడేళ్ళలో రీకె చేతిలో ఫోను లేకుండా తన పక్కన కదలకుండా కూర్చోవడం గోట్‌హార్డ్ ఇదే మొదటిసారి చూడటం. కానీ ఇక్కడ నోరు విప్పే హక్కు నోటరీ ఒక్కరిదే.

వెండ్లర్ గారి గొంతు బొంగురు గొంతు. ప్రతి అక్షరం గోట్‌హార్డ్‌కు స్పష్టంగా వినపడింది. మిగతా ఎవరూ వినడం లేదు. సేడెల్‌మేర్ గారు, పెట్టుబడి పెట్టే ఆవిడ, కిటికీ అవతల పావురాన్ని చూస్తోంది. ఆమె లాయరు ఆవలింత మింగుతున్నాడు. యానిక్ మోకాలు ఆడిస్తున్నాడు. చిన్నప్పుడు చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది రీకె.

నలభై ఒకటో పేజీలో వెండ్లర్ గారు చదివారు: "ప్రోగ్రాముకు శిక్షణగా వాడిన శబ్దాలన్నిటికీ పెట్టిన గుర్తులు, తమకు తెలిసినంతవరకు సరైనవేనని వాటాదారులు అందరూ, ఒక్కొక్కరుగా, హామీ ఇస్తున్నారు."

గోట్‌హార్డ్ బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు.

వెండ్లర్ గారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "చెప్పండి, ఊలిగ్ గారూ."

"ఆ వాక్యం నిజం కాదండీ. దాని కింద నేను సంతకం పెట్టలేను."

పావురాన్ని చూస్తున్న ఆవిడ ఇటు తిరిగింది. యానిక్ మోకాలు ఆగిపోయింది. రీకె మొహం కాగితంలా పాలిపోయింది.

"ఐదు నిమిషాలు ఇవ్వండి," అంటూ లేచి తండ్రిని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి తలుపు వేసేసింది.

"ఈవేళే దొరికిందా నాన్నా నీకు? ఒక్క ఫోటో! నీ పేరు లేదని ఇంతమంది ముందు నన్ను ఇలా నిలబెడతావా?"

"ఫోటో కోసం కాదు..."

"మరి ఎందుకు? చెప్పలేదంటావా? అవును, చెప్పలేదు! శబ్దాలకు గుర్తులెవరు పెట్టారని వాళ్ళు అడిగినప్పుడు, 'మా నాన్న, వంటింట్లో' అంటే ఏమవుతుందో తెలుసా? నవ్వుతారు. అక్కడున్న వాళ్ళందరి నాన్నలూ డాక్టర్లు, ప్రొఫెసర్లు. అందుకే 'నిపుణుల బృందం' అన్నాను. సిగ్గుపడి కాదు. భయపడి."

"రీకె, నాకు వినపడటం లేదు."

"వినకపోతే ఎలా, నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేది వినపడుతోంది. సన్నటి శబ్దాలు వినపడటం లేదు. డిసెంబరు నుంచి." జేబులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చివరి ఆరువందల నలభై నేను విని రాసినవి కావు. తెర మీది గీతలు చూసి ఊహించినవి."

రీకె కాగితం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"డిసెంబరు నుంచా? ఇది మే నెల! ఎందుకు చెప్పలేదు?"

"ప్రెస్సు మూసేశాక తొమ్మిదేళ్ళు చెత్తబుట్ట బయటపెట్టడం తప్ప నాకు పనేముంది? నువ్వొచ్చి ఈ పని ఇచ్చావు. ఇది కూడా పోతుందని చెప్పడానికి... నాదే తప్పు. అప్పుడే చెప్పాల్సింది. పోనీ ఈవేళైనా చెబుదామని పొద్దుటినుంచి మూడుసార్లు నోరు తెరిచాను."

"అరిచి చెప్పొచ్చుగా! ఫోను లాక్కుని చెప్పొచ్చుగా!"

"అరవడం నాకెప్పుడు చేతనైంది? వినడం ఒక్కటే చేతనైంది."

ఆ మాటకు రీకె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ కోపం ఇంకా దిగలేదు. "సాయంత్రం దాకా ఆగితే? సంతకాలయ్యాక నెమ్మదిగా సరిచేసుకునేవాళ్ళం. ఎవరికి తెలిసేది?"

"ఆ ఆరువందల నలభైలో సగం హాలెండ్ పాల ఫ్యాక్టరీవి. వచ్చే నెల ఆ యంత్రం పక్కన ఒక మనిషి నిలబడతాడు. ప్రోగ్రాము 'బాగుంది' అంటే నమ్మి చెయ్యి పెడతాడు. మిల్లులో నా పక్కన పనిచేసిన ఏడెల్బెర్ట్‌కు కుడిచేతికి రెండు వేళ్ళే మిగిలాయి, గుర్తుందా? నీ పుట్టినరోజుకు కొయ్య గుర్రం చేసిచ్చింది ఆ చేత్తోనే."

రీకె కాగితం మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. తర్వాత ముక్కు తుడుచుకుని తలుపు తీసింది.

కూర్చోకుండానే అంతా చెప్పేసింది. దాచలేదు, బతిమాలలేదు. సేడెల్‌మేర్ గారు చివరి దాకా విని ఒక్కటే అడిగింది. "నిపుణుల బృందం అన్నారు. బృందమంటే ఎంతమంది?"

"ఈయనొక్కరే. మా నాన్న."

"పదకొండువేలూ?"

"పదివేల మూడువందల అరవై," అన్నాడు గోట్‌హార్డ్. "మిగతావి లెక్కలోకి రావు."

ఆవిడ నవ్వలేదు. ఫైలు మూసింది. "ఈవేళ సంతకాలు లేవు. ఆరు వారాలు ఇస్తున్నాను. ఆ ఆరువందల నలభై సరిచేయించి, ఎవరు సరిచేశారో ఉన్నది ఉన్నట్టు రాసి తీసుకురండి. అప్పుడు చూద్దాం." బుట్టలోంచి తన ఫోను తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఊలిగ్ గారూ, నాకు అబద్ధం చెప్పింది మీరు కాదని గుర్తుంచుకుంటాను," అని వెళ్ళిపోయింది. ఆ మాట తండ్రికి చెప్పిందే అయినా తగిలింది కూతురికి.

యానిక్ మెట్ల మీద అరిచాడు. నాలుగు నెలల పని నాశనమైందన్నాడు. నీ ఇంటి గొడవలు కంపెనీలోకి తెచ్చావన్నాడు. "రేపు మాట్లాడదాం యానిక్. ఈవేళ నా వల్ల కాదు," అని మాత్రం అంది రీకె. ఇంటికి వస్తున్నంతసేపూ కారులో ఆమె ఫోను మోగుతూనే ఉంది. ఆమె తియ్యలేదు.

ట్రౌడెల్ తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. "చెప్పేశాడా?"

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"నలభై నాలుగేళ్ళ కాపురమే! అక్కర్లేని చోట తల ఊపుతుంటే తెలియదూ? తన నోటితో తనే చెబుతాడని చూశాను. లోపలికి రండి, కాఫీ చల్లారిపోతోంది. చీజ్ కేకు కూడా ఉంది. సంతకాలైతే పండగకని చేశాను. కాకపోయినా తినేదేగా."

కేకు తిన్నారు. రీకె రెండు ముక్కలు తింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తర్వాత చేతులు కడుక్కుని లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, తండ్రి హెడ్‌ఫోన్లు తన తలకు పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"ఆరు వారాలు. రోజుకు పదహారు అవుతాయి. నాకు వినపడుతుంది, నీకు తెలుసు. నేను విని చెబుతాను, అదేమిటో నువ్వు చెప్పు." హెడ్‌ఫోన్లు సర్దుకుంది. "నిజం చెప్పనా? ఇందులో ఒక్కటి కూడా నేను పూర్తిగా వినలేదు నాన్నా. ఒక్కటి కూడా."

గోట్‌హార్డ్ కుర్చీ ఆమె పక్కకి జరుపుకున్నాడు. డిసెంబరులో అతను గుర్తు పెట్టిన మొదటి శబ్దం ఆమె మొదలుపెట్టింది.

"ఎలా ఉంది?"

"కీచుమంటోంది."

"అన్నీ కీచుమంటాయి. దేనిలా?"

రీకె కళ్ళు మూసుకుంది. "తడివేలితో గాజుగ్లాసు అంచు రుద్దితే వస్తుందే, అలా."

"ఒకేలా వస్తోందా? ఆగి ఆగి వస్తోందా?"

"ఆగి ఆగి. మధ్యలో... చిన్నగా గెంతినట్టు."

"అయితే నూనె కాదు. లోపల గోళీ పగిలింది."

ఆమె తెర వంక చూసింది. దాని ఎదురుగా ఐదు నెలల కిందట తండ్రి రాసిన మాట, 'బాగుంది'. దాన్ని ఒక్కొక్క అక్షరం చెరిపి, కొత్తగా రాసింది. చెంప మీదికి జారిన నీటిబొట్టును భుజంతో తుడుచుకుంది.

"మూడేళ్ళూ ఇలాగే కూర్చున్నావా? ఒక్కడివే?"

"ఒక్కణ్ణేం, మీ అమ్మ గిన్నెలు మోగిస్తూనే ఉండేది."

"చాల్లే!" అంది ట్రౌడెల్ పొయ్యి దగ్గర నుంచి, చేతిలోని మూతని మాత్రం చప్పుడు కాకుండా గిన్నె మీద పెడుతూ.

రీకె ఏడుపులోనే నవ్వింది. తండ్రి చెయ్యి తన మోకాలి మీదికి లాక్కుని, రెండో శబ్దం నొక్కింది.