తార్పాలిన్ కింద గన్

హోటల్ బాత్‌టబ్‌లో గన్ ఇంజనీర్ శవం దొరికిన కాసేపటికే తాబేలుకు కబురొచ్చింది. తాబేలంటే మన ఏజెంటే. ప్రమాదం కనిపిస్తే తల లోపలికి లాక్కుంటాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన ముద్దుపేరు.

"సముద్రం మధ్య ఆయిల్ ప్లాట్‌ఫామ్," అన్నాడు చీఫ్. "అడ్డంగా తవ్విన బావిలోకి గన్, అంటే పేలుడు మందు కూరిన పొడవాటి ఇనప గొట్టం, దించి పేలుస్తారు. బావికి తొడిగిన గొట్టానికీ, చుట్టూ ఉన్న రాతికీ చిల్లులు పడితేనే ఆయిల్ వస్తుంది. అక్కడి రాయి మెత్తన. చిల్లులు పైకీ కిందకీ పడితే నిలుస్తాయి. పక్కలకు పడ్డాయో, కూలిపోయి ఇసుక తన్నుకొస్తుంది. ఆ ఇసుక వాల్వుల్ని కొరికేస్తుంది. ఆపైన ఒక్క నిప్పురవ్వ చాలు."

"విదేశీ ముఠా ప్లాన్ అదేనా సార్?"

"అదే. చచ్చినవాడి బదులు వెళ్తున్న ఇంజనీరమ్మ, ముఠాలో మనం పెట్టిన మనిషి. 'గాలి మారింది' అను. 'గొడుగు మరిచాను' అంటుంది. నువ్వు క్యాటరింగ్ సూపర్‌వైజర్‌వి. ఈ చొక్కా గుండీ ట్రాన్స్‌మిటర్. నొక్కితే నేవీ బోటు వస్తుంది."

తాబేలు దొంగమీసం అతికించుకున్నాడు. ఆ ప్లాట్‌ఫామ్ మీద వాల్వులు చూసేది అతని అక్క మొగుడే.

ప్లాట్‌ఫామ్ మీద దిగగానే బావ ఒక్క చూపులో ఆ మీసం పసిగట్టాడు. "ఇదేం వేషంరా? అక్కకు తెలుసా?"

"తర్వాత చెప్తాను బావా. మెల్లగా మాట్లాడు."

"సరే, ముందు ఫోన్ ఈ ట్రేలో పడెయ్. డిటోనేటర్ బిగించేటప్పుడు రేడియో సైలెన్స్. సిగ్నల్ తగిలితే గన్ ఇక్కడే పేలొచ్చు. మొన్నొకడు ఫోన్ జేబులో మరిచాడు. గన్ మొత్తం విప్పించి, వేరేవాళ్ల చేత మొదటినుంచీ చెక్ చేయించాడు మేనేజర్."

తాబేలు ఫోన్ ఇచ్చాడు. గుండీ ఊసెత్తలేదు.

డెక్ మీద ఇంజనీరమ్మ నిలబడి ఉంది. హెల్మెట్ పెట్టుకుని కూడా అంత అందంగా ఉండటం అన్యాయం.

"గాలి మారింది," అన్నాడు.

"గొడుగు మరిచాను. గన్ నేను చూసుకున్నా. నువ్వు టీ సంగతి చూడు."

అప్పుడే గన్ మీద కప్పిన తార్పాలిన్ అంచు గాలికి లేచింది. గన్ అడుగున బరువుదిమ్మ ఉంది. చీఫ్ చూపించిన బొమ్మ ప్రకారం, బావిలో ఆ దిమ్మ ఎప్పుడూ కిందికే తిరుగుతుంది. చిల్లులు పొడిచే పేలుడు గుంటలు దిమ్మకు సూటిగా, కిందా పైనా ఉండాలి. అవి రెండు పక్కలకూ ఉన్నాయి. మన మనిషి అనుకున్నది వాళ్ల మనిషి.

అతని డొక్కలో పెన్ను మొన గుచ్చుకుంది. "విషం," అంది నవ్వుతూనే. "నోరు తెరిస్తే నువ్వు, తర్వాత మీ బావ. మీ మాటలు విన్నాలే. టీలు పోసేవాడి మాట ఎవడు వింటాడులే. గుండీ నొక్కావో, అందరం కలిసే పోతాం."

నిజమే. నొక్కితే ఇప్పుడు చావు, నొక్కకపోతే బావకు రేపోమాపో చావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతనికి ఏడుపొచ్చింది.

"డిటోనేటర్!" అని మేనేజర్ పిలిచాడు. పెట్టె తెరవడానికి ఆమెకు రెండు చేతులూ కావాలి. పెన్ను జేబులోకి పోయింది.

తాబేలు గుండీ పీకి పైకెత్తాడు. "నా దగ్గర రేడియో ఉంది! ఆన్‌లో ఉంది!"

డెక్ అంతా గగ్గోలైంది. "ఎవడ్రా ఈ వెధవ!" అని మేనేజర్ గుండీ లాక్కుని, మనిషిని ఈడ్చుకుపోయాడు. డిటోనేటర్ పెట్టె మూసేశారు. రూలు ప్రకారం వేరే ఇద్దరు వచ్చి గన్ విప్పారు. "ఇదేంటి సార్, గుంటలు పక్కలకు తిరిగున్నాయి?" అన్నాడు ఒకడు. ఇంజనీరమ్మ పరుగెత్తింది, కానీ చుట్టూ సముద్రం. చివరికి స్టోర్ రూమ్‌లో దూరితే, బావ బయట గొళ్లెం పెట్టాడు.

మర్నాడు చీఫ్ మెడల్ ఫారం ముందేసుకున్నాడు. "అంత పేలుడు మందు పక్కన ట్రాన్స్‌మిటర్ ఆన్ చేశావా? ఎంత గుండెరా నీది!"

"ఆన్ చేయలేదు సార్. భయమేసింది. ఊరికే అరిచాను."

చీఫ్ పెన్ను మూత తీశాడు.

"ధైర్యసాహసాలు అనే రాస్తానులే," అన్నాడు. "భయానికి మన దగ్గర మెడల్ లేదు."