రివైండ్ బటన్ మీద ప్రాణం

"పిస్తోలు ఇవ్వడం లేదు. ఇది తీసుకెళ్ళు," అన్నాడు ఛీఫ్.

టేబుల్ మీద ఒక కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్స్, దాని మీద ఒక రిమోట్ ఉన్నాయి. ఏజెంట్ వాటిని చూశాడు, ఛీఫ్‌ని చూశాడు, మళ్ళీ వాటినే చూశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

శాఖలో అతన్ని అందరూ కుంపటి అంటారు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు లాకర్లో ఉంది, లాకర్ తాళంచెవి ఎక్కడుందో ఛీఫ్‌కే తెలీదు. కుంపటి అన్న పేరు మాత్రం ఊరికే రాలేదు. శత్రువు తుపాకీ ముందు చల్లగా నిలబడే ఆ మనిషి, లిఫ్టు రావడం కాస్త ఆలస్యమైతే భగ్గుమంటాడు.

"సర్, లోపల చిక్కుకున్నది నా తమ్ముడు. వాణ్ణి టీవీ చూసి కాపాడమంటారా?"

"అవును. కూర్చో, చెబుతాను."

"కూర్చోను."

"అయితే నిలబడే విను."

ఒక విదేశీ ముఠా ఒక టీవీ స్టూడియోని కొని, ఆ ముసుగులో మన రాడార్ కేంద్రం నుంచి ఒక పరికరాన్ని ఎత్తుకుపోయింది. దాన్ని ఎక్కడ దాచారో కనుక్కోమని కుంపటి తమ్ముణ్ణి లోపలికి పంపారు. లైవ్ షోల్లో ప్రేక్షకుల మధ్య కూర్చుని, సమయానికి అందరి చేతా చప్పట్లు కొట్టించే ఉద్యోగం. కుర్రాడు ఆచూకీ కనుక్కున్నాడు. ఆ కబురు పంపేలోపే ముఠాకి అనుమానం వచ్చి ఫోన్ లాక్కుంది, చెరో పక్కా ఒక కాపలావాణ్ణి పెట్టింది. రేపు సాయంత్రం షో అవగానే అతన్ని కారెక్కించి సరిహద్దు దాటిస్తారు. దాటినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

"స్టూడియోకి మూడు గేట్లు. మూడూ మూడు రోడ్ల మీద ఉన్నాయి. మనకున్నది ఒకటే వ్యాన్."

"ఒకటేమిటి సర్? మిగతావి ఏ గంగలో కలిశాయి?"

"ఒకటి రిపేరు. ఇంకోటి పైఆఫీసరుగారి మరదలి పెళ్ళిలో ఉంది."

కుంపటి పళ్ళు పటపటా కొరికాడు. ఛీఫ్ విననట్టే దగ్గు బిళ్ళ చప్పరించాడు.

"షో చివర్లో కెమెరా ప్రేక్షకుల మీదికి తిరుగుతుంది. కారు ఏ గేటు దగ్గర పెట్టారో అప్పటికి మీవాడికి తెలిసిపోతుంది. ముక్కు గోక్కుంటే ముందు గేటు. చెవి పట్టుకుంటే వెనక గేటు. కాలర్ సర్దుకుంటే పక్క గేటు. లోపలికి పంపేటప్పుడే నేర్పిన సైగలివి. కానీ కెమెరా రెప్పపాటు సేపే ఉంటుంది. నీ చూపు తప్పితే వెనక్కి తిప్పి చూసుకోవాలి. అందుకే లైవ్ రివైండ్ ఉన్న బాక్స్."

"దానికి బదులు రికార్డింగ్ పెట్టొచ్చుగా?"

"సేఫ్ హౌస్‌లో రికార్డింగ్ నిషేధం. ఫోన్ నిషేధం. కెమెరా నిషేధం. జాడ మిగలకూడదు. రివైండ్ అయితే దానంతటదే చెరిగిపోతుంది. రూల్ రూలే!"

సేఫ్ హౌస్ అంటే స్టూడియో పక్కవీధిలో మూడో అంతస్తు ఫ్లాట్. కిటికీకి మందపాటి కర్టెన్లు, హాల్లో పాత సోఫా, గోడకి టీవీ. ఆ ఇంటిని చూసుకునేది పిన్ని. రిటైరైన వైర్‌లెస్ ఆపరేటర్. ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. ఆమె గొడుగు వానకి పనికిరాదు గాని, మొనలోంచి మత్తుసూది వదులుతుంది.

ఆ సాయంత్రమే ట్రయల్ వేశారు. కుంపటి ఒక న్యూస్ ఛానెల్ పెట్టుకుని కాసేపు చూశాడు, లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి రివైండ్ నొక్కాడు. కదల్లేదు. మళ్ళీ చూశాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ నొక్కాడు. బాణం గుర్తు తెర మీద మెరిసి ఉన్నచోటే చతికిలబడింది.

"ఏం పెట్టెరా నువ్వు! వెనక్కి పోవా? మా ఛీఫ్‌కి వేలువిడిచిన తమ్ముడివా?" అని దాని నెత్తిన ఒక్కటి మొట్టాడు.

"దాన్ని కొడితే ఏం లాభం నాయనా? తెలిసినవాళ్ళని పిలు," అంది పిన్ని.

తెలిసిన మనిషి అరగంటలో వచ్చింది. కేబుల్ కంపెనీ నీలం చొక్కా, భుజాన టూల్ బ్యాగు. ఆ వేషంలో కూడా లిఫ్టులో వాళ్ళు రెండోసారి తిరిగి చూసేంత అందగత్తె. శాఖలో ఆమె పేరు సీతాకోక. ఒకప్పుడు ఆ ముఠాకే పనిచేసి, రెండేళ్ళ కిందట మనవైపు వచ్చింది. ఇప్పటికీ వాళ్ళ మనిషిలాగే నటిస్తూ మనకి కబుర్లు మోస్తుందని ఛీఫ్ మురిసిపోతుంటాడు. తమ్ముడు చిక్కుకున్న కబురు తెచ్చిందీ ఆమే. కుంపటికి మాత్రం ఆమెను చూస్తే ఒళ్ళు మంట. గోడమీది పిల్లిని ఇంట్లో పెట్టుకుని పాలు పోస్తున్నారని అతని గోల.

సీతాకోక బాక్సు వెనక వైర్లు చూసింది. చిన్న హార్డ్ డిస్క్ సరిగ్గానే తగిలించి ఉంది.

"ఇందాక లేచి వెళ్ళేటప్పుడు ఏం చేశారు?"

"ఏం చేస్తాను? ప్లగ్గు పీకి వెళ్ళాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? గది వదిలితే ప్లగ్గు పీకాలి. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నా. కిటికీలోంచి టీవీ వెలుగు చూసి మనవాణ్ణి ఒకణ్ణి పట్టుకున్నారు, తెలీదా?"

"ఈయన మరిచిపోతే నేను పీకాను," అంది పిన్ని గర్వంగా.

సీతాకోక పకపకా నవ్వింది. కుంపటికి ఆ నవ్వు పుండు మీద కారంలా తగిలింది.

"సార్, ఈ బాక్సు మీరు చూస్తున్న ఛానెల్‌ని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. అదీ కరెంటు ఉన్నంతసేపే. ప్లగ్గు పీకితే అంతా పోతుంది. ఛానెల్ మార్చినా పోతుంది. రేపు షో మొదలైన దగ్గర్నుంచీ దీన్ని ముట్టుకోకండి. అంతే."

పాఠం అయితే శుభ్రంగా చెప్పింది. కుంపటి ఆ రాత్రే ప్లగ్గుని గోడకి టేపుతో అతికించేశాడు. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనని పిన్నికి చెప్పాడు. నలభయ్యేళ్ళ సర్వీసులో నన్నెవరూ ఇంత మాటనలేదని పిన్ని అలిగింది. రూల్ పుస్తకం తెచ్చి అతని ఒళ్ళో పడేసింది కూడా. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే తెల్లవార్చారు.

మర్నాడు సాయంత్రం షో మొదలైంది. కింద వీధిలో వ్యాను, అందులో లావుపాటి డ్రైవరు సిద్ధంగా ఉన్నారు. హాల్లో సోఫా అంచున కుంపటి, వెనక కుర్చీలో పిన్ని. "ఏదైనా ఇబ్బంది వస్తే ఉంటాను," అంటూ సీతాకోక కూడా దిగింది. వస్తూనే రిమోట్ తీసుకుని, సౌండ్ కాస్త పెంచి, తిరిగి కుంపటి పక్కన పెట్టింది.

మూడో వరసలో తమ్ముడు కనిపించాడు. మొహం పీక్కుపోయింది. చెరో పక్కా ఒక ఎద్దులాంటి మనిషి. అయినా యాంకర్ జోకు వేసినప్పుడల్లా కుర్రాడు ముందు చప్పట్లు కొట్టి అందరి చేతా కొట్టిస్తున్నాడు. ఏడుపు వస్తే కుంపటికి కోపం వస్తుంది, అందుకని యాంకర్‌ని తిట్టాడు.

షో చివరికి వచ్చింది. యాంకర్ సెలవు తీసుకుంటోంది. కెమెరా మెల్లగా ప్రేక్షకుల వైపు తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే వైర్‌లెస్ గరగరమంది.

"ఇస్త్రీ బట్టలు వచ్చాయా?" ఛీఫ్ గొంతు, కోడ్ మాటలో.

"సర్, ఇప్పుడు కాదు!"

"ఇస్త్రీ బట్టలు వచ్చాయా? జవాబు చెప్పకపోతే లైన్ శత్రువు చేతిలో పడిందనుకుని కట్ చేస్తాను. వ్యాన్ కూడా వెనక్కి పిలుస్తాను."

కుంపటి గిర్రున వైర్‌లెస్ వైపు తిరిగాడు. "వచ్చాయి! ఒక చొక్కా తక్కువ! చాలా? మీ చొక్కా తగలెయ్య!"

మళ్ళీ టీవీ వైపు చూసేసరికి తమ్ముడి చెయ్యి మొహం దగ్గర్నుంచి ఒళ్ళోకి దిగిపోతోంది.

"పిన్నీ, చూశావా? ఎక్కడ పెట్టాడు చెయ్యి?"

"నువ్వు అరిచిన అరుపుకి నీ వైపే చూశాను నాయనా!"

కుంపటి రివైండ్ నొక్కాడు. కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. ఉహుఁ. బాణం గుర్తు కూడా రాలేదు. అతనికి కళ్ళు బైర్లు కమ్మాయి. బొటనవేలితో దొరికిన బటనల్లా నొక్కాడు, బాదాడు, రిమోట్‌ని మోకాలికేసి కొట్టాడు. తెర మీద యాంకర్ మాత్రం చక్కగా చేతులూపుతోంది. మూడు గేట్లలో ఏదో ఒకదాని దగ్గర తమ్ముణ్ణి కారెక్కిస్తున్నారు. ఇక్కడ అన్నగారు ఒక ప్లాస్టిక్ ముక్కతో కుస్తీ పడుతున్నాడు.

"సార్, బాక్స్ హ్యాంగ్ అయింది," అంది సీతాకోక లేస్తూ. "రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. ఒక్క నిమిషం."

ఆమె చెయ్యి ప్లగ్గు మీది టేపు పీకుతోంది.

కుంపటి ఆ చేతినే చూశాడు. ప్లగ్గు పీకితే అంతా పోతుందని నిన్న నవ్వి మరీ చెప్పిన మనిషి! అంత కోపంలోనూ అతని బుర్రలో ఒక మూల చల్లబడింది.

"పిన్నీ, గొడుగు!"

పిన్ని అలక మరిచిపోయింది. టప్‌మని చప్పుడైంది. సీతాకోక భుజంలో సూది దిగింది. ఆమె సోఫాలోకి ఒరిగిపోయింది. కళ్ళు తేలేస్తూ కూడా చిరునవ్వు నవ్వింది, మహాతల్లి.

కుంపటి బాక్సు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రిమోట్ పట్టుకుని సౌండ్ పెంచాడు. టీవీ సౌండ్ పెరిగింది. రివైండ్ నొక్కాడు. బాక్సు మీది పచ్చలైటు ఆరి వెలగలేదు. మాట అందితే లైటు మిణుకుమనాలి కదా! అంటే రిమోట్ టీవీతో మాట్లాడుతోంది గాని బాక్సుతో మాట్లాడటం లేదు. రిమోట్ పైన రెండు చిన్న బటన్లున్నాయి, ఒకటి టీవీకి, ఒకటి బాక్సుకి. ఇందాక సౌండ్ పెంచుతూ సీతాకోక ఏది నొక్కిందో ఇప్పుడర్థమైంది.

"దొంగముండా!" అంటూ బాక్సు బటన్ నొక్కాడు. తర్వాత రివైండ్ నొక్కాడు.

పచ్చలైటు మిణుకుమంది. యాంకర్ చేతులు వెనక్కి వెనక్కి ఊపింది. కెమెరా వెనక్కి తిరిగింది. తమ్ముడి చెయ్యి ఒళ్ళోంచి పైకి లేచింది, మెడ దాటింది, చెవి మీద ఆగింది.

"వెనక గేటు!"

మూడంతస్తుల మెట్లూ ఎలా దిగాడో అతనికే తెలీదు. వ్యాను వెనక గేటు రోడ్డులోకి తిరిగేసరికి బూడిదరంగు కారు ఇంజన్ ఆన్ చేసి ఉంది. కాపలావాళ్ళిద్దరూ కలిసి తమ్ముణ్ణి వెనక సీట్లోకి తోస్తున్నారు. వాళ్ళలో ఒకడు సిరంజి మూత నోటితో పీకి కుర్రాడి మెడ దగ్గర పెట్టాడు.

లావుపాటి డ్రైవరు వ్యాన్‌ని తీసుకెళ్ళి కారు మూతికి గుద్దాడు. కుంపటి దూకాడు. పిస్తోలు లేదు. చేతిలో ఉన్నది రిమోట్. ఛీఫ్ మీది కోపం, రూల్ పుస్తకం మీది కోపం, పైఆఫీసరుగారి మరదలి పెళ్ళి మీది కోపం అన్నీ కలిపి విసిరాడు. అది సిరంజి పట్టుకున్నవాడి మణికట్టుకి తగిలింది. సూది రోడ్డు మీద పడి ముక్కలైంది. తర్వాత జరిగింది చెప్పుకోదగ్గ పోరాటం కాదు. కుంపటి బాదాడు, వాళ్ళు తిన్నారు, డ్రైవరు కట్టేశాడు.

వ్యాను కదిలింది. తమ్ముడు పరికరం ఆచూకీ చెప్పాడు. స్టూడియోలో ప్రేక్షకుల మెట్ల కింద చెక్కపెట్టెలో ఉంది. కుంపటి ఆ మాట వైర్‌లెస్‌లో ఛీఫ్‌కి చేరేసి తమ్ముడి వైపు తిరిగాడు.

"బుద్ధుందా నీకు? చెవి పట్టుకుంటే ఇంకాసేపు పట్టుకోలేవూ? దోమ వాలినట్టు అలా ముట్టుకుని తీసేస్తావా? అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? మొహం చూడు ఎలా అయిపోయిందో! ఈ దిక్కుమాలిన ఉద్యోగంలో నిన్ను చేరమన్నదెవరు?"

తిడుతూనే ఉన్నాడు. తమ్ముడి మణికట్టు మాత్రం వదల్లేదు.

వైర్‌లెస్‌లో పిన్ని గొంతు వచ్చింది. "నాయనా, పిల్లాడు క్షేమమేనా?"

"క్షేమం పిన్నీ."

"హమ్మయ్య. ఈ పిల్లకి మెలకువ వచ్చింది. బేడీలు వేశాను. నీకో మాట చెప్పమంటోంది."

"దాని మాట నాకెందుకు?"

"విను. నువ్వు కోపంతో ఆ రిమోట్ బాదినప్పుడు ఛానెల్ మార్చే బటన్ కూడా నొక్కావట. ఒకసారి కాదు, బోలెడు సార్లు. తను రిమోట్‌ని టీవీ వైపు మార్చి పెట్టబట్టి ఆ నొక్కుళ్ళేవీ బాక్సుకి చేరలేదట. లేకపోతే ఛానెల్ మారి అంతా చెరిగిపోయేదట. తమ్ముణ్ణి చంపాలని తను అనుకుందట, నువ్వైతే చంపేసేవాడివేనట."

కుంపటి తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. వ్యాను రెండు సిగ్నళ్ళు దాటింది. ముందున్న లారీ అడ్డంగా ఆగిపోయినా, డ్రైవరు హారన్ కొట్టడం మరిచిపోయినా అతను ఒక్క ముక్క మాట్లాడలేదు.

తమ్ముడు బిత్తరపోయి చూశాడు. ముఠా చేతిలో ఉన్నప్పుడు కూడా ఆ కళ్ళలో అంత బెదురు లేదు. అన్న భుజం పట్టుకుని కుదిపాడు.

"అన్నయ్యా, ఏమైంది? తిట్టు అన్నయ్యా, నాకు భయమేస్తోంది."