ఇరవై ఏడో నంబరు ఫ్లాస్కు

"కిటికీ తీసింది నువ్వేనా?" వంటగదిలోంచి అడిగింది నెల్దా.

"తీశాను. వసంతం వచ్చింది కదా," అన్నాడు మిల్టన్, పేపరు దించకుండా.

"వచ్చింది కాబట్టే నేను మూశాను."

భూమధ్యరేఖకు దిగువన వసంతం అక్టోబరులోనే. అది రాగానే మోంటెవిడియో వీధుల్లో ప్లాతానో చెట్లు నూగు రాలుస్తాయి. ఊరంతా తుమ్ముతుంది. అప్పటికే వెన్న మీద ఇంత నూగు వాలింది.

"గాలి ఆడకపోతే మనిషి చస్తాడు," అన్నాడు మిల్టన్.

"తుమ్మి తుమ్మి కూడా చస్తాడు. ఆ చచ్చేది నేను."

"మీరు విడిపోయేటప్పుడు ఆ కిటికీ నా పేర రాయండి," అంది కూతురు రొమీనా, బ్రెడ్డు మీది నూగు ఊదుతూ.

ఫోను మోగింది. నెల్దా ఎత్తింది.

"మీ గొడుగు బాగుచేశాం, సెన్యోరా. ఇవాళే వచ్చి తీసుకెళ్ళాలి."

"శనివారం కూడానా?"

"ఇవాళే," అంది అవతలి గొంతు.

"మళ్ళీ గొడుగా?" అన్నాడు మిల్టన్.

ఇరవై ఆరేళ్ళుగా నెల్దా గొడుగులు బాగుచేయించుకుంటోంది. ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు. అది ఎప్పుడూ పాడైంది లేదు. మిల్టన్ బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు తప్పులు పట్టి రిటైరయ్యాడు కానీ, ఈ ఒక్క తప్పూ అతని కంట పడలేదు.

*

పాతబస్తీలో అది పేరుకే గొడుగుల షాపు, నిజానికి గూఢచారి శాఖ. వెనక గదిలో చీఫ్ బర్బోసా అల్సరు మాత్ర మింగి, నీళ్ళు తాగి, మొదలుపెట్టాడు.

"హంస ముఠా సంగతి. వాళ్ళ మనిషొకడు టూరిస్టు వేషంలో మూడు వారాలు మన తలుపు దగ్గర కాపు కాశాడు. వచ్చీపోయే వాళ్ళందరినీ ఫోటో తీశాడు. ఫిలిం ఇంకా కడగలేదు. ఆ ఫోటోల్లో ఐవొన్ ఉంది."

నెల్దా కుర్చీలో కూర్చుంది. ఐవొన్ సలబెర్రీ హంస ముఠాలో శాఖకున్న ఏకైక మనిషి. ముఠా దృష్టిలో ఆమె శాఖలో ఉన్న తమ మనిషి; ఈ షాపు గురించి మాత్రం తనకేమీ తెలీదని వాళ్ళకు చెప్పింది. ఆరేళ్ళుగా రెండు పడవల మీదా కాళ్ళు పెట్టి నిలబడి ఉంది.

"తీసినవాడికి ఆమె ఎవరో తెలుసా?"

"తెలీదు. కానీ నది అవతల ఉన్న వాళ్ళ పెద్ద చూడగానే గుర్తుపడతాడు. ఇవాళ మ్యూజియంలో ఫిలిం చేతులు మారుతుంది. రెండున్నర ఫెర్రీకి అవతలికి వెళ్తుంది. సాయంత్రానికి కడుగుతారు. రాత్రికి ఐవొన్ ఉండదు."

"ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి?"

"తెలీదు. ఫ్లాస్కులో పెట్టి టేబుల్ మీద వదిలేస్తాడని మాత్రం ఐవొన్ విన్నది."

"అయితే టేబుల్ మీదున్నవన్నీ పట్టుకోండి."

"ఈ ఒడ్డున ఈ మార్పిడి సంగతి తెలిసిన వాళ్ళు ముఠాలో ముగ్గురే, నెల్దా. అందులో మూడోది ఐవొన్. మనం వేలు పెట్టామని తెలిస్తే ఇక వాళ్ళకు ఫోటో అవసరమే లేదు. కాబట్టి అరెస్టు లేదు, గొడవ లేదు. ఫిలిం దానంతటదే పాడవ్వాలి."

"ఫిలిములు వాటంతటవే పాడవవు."

"అందుకే నిన్ను పిలిచాను."

నెల్దాకు నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు, ముక్కుకు రబ్బరు తొడుగు, మెడలో గణాంకాల శాఖ బ్యాడ్జి. చేతిలో సందర్శకులను లెక్కపెట్టే క్లిక్కర్. ఇంట్లో చెప్పుకునే ఉద్యోగం ఎటూ గణాంకాల శాఖలోనే. సగం వేషం ఖర్చు కలిసొచ్చిందని బర్బోసా సంతోషించాడు.

*

వారసత్వ దినం. ఊళ్ళోని మ్యూజియంలన్నీ ఉచితం. క్యూ వీధి మలుపు తిరిగింది. ఊరి చిత్రకారుల వసంత ప్రదర్శన చూడటానికి అమ్మమ్మల నుంచి చంకపిల్లల దాకా వచ్చారు. చంకలో పిల్లలు లేనివాళ్ళకు చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుకషాయం తాగే సొరబుర్ర ఉన్నాయి. ఇక్కడ మనిషి చొక్కా మరిచిపోయి బయల్దేరతాడేమో కానీ, మాతే మరిచిపోడు.

అయితే ఫ్లాస్కుతో చిత్రాల దగ్గరికి పోనివ్వరు. గుమ్మం పక్కన పొడుగాటి టేబుల్ వేసి, దాని వెనక డోన్ అన్సెల్మో కూర్చున్నాడు. ఫ్లాస్కూ, మాతే బుర్రా పుచ్చుకుని ఇత్తడి టోకెన్ ఇస్తాడు. టోకెన్ ఇస్తే సామాను తిరిగిస్తాడు. పదకొండింటికే టేబుల్ మీద నలభైకి పైగా ఫ్లాస్కులు చేరాయి.

నెల్దా క్లిక్ చేస్తూ నిలబడింది. గంటకు మోకాళ్ళు నొప్పెట్టాయి. రెండు గంటలకు నడుము. రబ్బరు ముక్కు లోపల చెమట పట్టి దురద పుట్టింది. నూగు ఇక్కడికీ వచ్చింది. తుమ్మితే ముక్కు ఊడొస్తుందన్న భయంతో ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది.

"అది ఆవే," అంటోంది ఒక చెల్లెలు, లోపల చిత్రం ముందు.

"ఎద్దు. అరవై ఏళ్ళొచ్చాయి, ఆవుకీ ఎద్దుకీ తేడా తెలీదు నీకు. అందుకే అలాంటివాణ్ణి చేసుకున్నావు," అంటోంది అక్క.

వాళ్ళ మధ్యకు వెళ్ళి, గైడు వేషంలో చిత్రం వివరిస్తోంది ఐవొన్. ఆకుపచ్చ పట్టుగౌను, చెవులకు ముత్యాలు. లోపలికొచ్చే మగవాళ్ళు ముందు ఆమెను చూసి, తర్వాత బొమ్మలను చూస్తున్నారు. ఇవాళ రాకపోతే ముఠాకు అనుమానం వస్తుందని వచ్చింది. తన చావు ముప్ఫై అడుగుల దూరంలో టేబుల్ మీద ఉందని ఆమెకు తెలుసు.

నెల్దా మంచినీళ్ళ నెపంతో లోపలికి నడిచింది.

"ఈ ఫ్రేము అప్పటిదేనా?" అని అడిగింది. ముఠా మనుషులు దగ్గర్లో లేకపోతే, ఫ్రేము కొత్తదని ఐవొన్ చెప్పాలి.

"రెండూ పాతవే, సెన్యోరా," అంది ఐవొన్ నవ్వుతూ. "బొమ్మా, ఫ్రేమూ. రెండూ బాగా అలసిపోయాయి."

చివరి వాక్యం కోడ్‌లో లేదు. చేతులు దగ్గరగా కనిపించాయి. గోళ్ళకు రంగు వేసినా కొరికిన గుర్తులు దాగలేదు.

తీసుకెళ్ళేవాడు అప్పటికే లోపల ఉన్నాడన్నమాట. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

నెల్దా టేబుల్ దగ్గరికి తిరిగొచ్చి, వంగి షూ లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ బుర్రలన్నీ వరసగా చూసింది. నటన ఎక్కువసేపు సాగదు. ఆ వయసులో వంగిన నడుము లేవాలి కదా.

మాతే బుర్రలో ఆకుపొడి ఒక పక్క కొండలా ఎత్తుగా, పొడిగా ఉంచాలి. రెండో పక్క, పీల్చే గొట్టం దగ్గర మాత్రమే నీళ్ళు పోయాలి. పొడి పక్కను కాస్త కాస్తగా తడుపుకుంటూ పోతే పూటంతా రుచి నిలుస్తుంది. ఇది ఎవరూ నేర్పరు. చూస్తూ పెరిగితే వస్తుంది. టేబుల్ మీది బుర్రలన్నిట్లో కొండ ఉంది. కొన్ని శుభ్రంగా, కొన్ని చిందరవందరగా. ఒకామె అంచు తుడిచి మరీ పెట్టింది.

ఒక్క బుర్రలో మాత్రం ఆకంతా నిండా తడిసి, చదునుగా, చల్లారిన గంజిలా ఉంది. నడిమధ్య గొట్టం గడకర్రలా నిలబడింది. మూడు వారాలు తలుపును ఫోటో తీసినవాడు, ఆ తలుపు పక్కన మనుషులు ఏం తాగుతున్నారో మాత్రం చూడలేదు.

పక్కనే ఫ్లాస్కు. దాని చీటీ మీద నంబరు ఇరవై ఏడు.

చెయ్యి చాచింది. డోన్ అన్సెల్మో ఆ చేతి మీద పెన్సిలుతో తట్టాడు.

"టోకెన్?"

"నేను ప్రభుత్వ ఉద్యోగిని."

"నేను కాదా? టోకెన్ ఉంటే ఇస్తాను. అధ్యక్షుడొచ్చినా అంతే, ఆయన పెళ్ళామొచ్చినా అంతే."

"చూద్దామని."

"చూడ్డానికి లోపల రెండొందల బొమ్మలున్నాయి, పోమ్మా."

ఒంటిగంటా యాభై. వాదించే ఓపిక లేదు. వాదిస్తే పదిమందీ చూస్తారు కూడా. అప్పుడే ఆమె భుజం పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి టోకెన్ టేబుల్ మీద పెట్టింది. ఇరవై ఏడు.

బెరెట్ టోపీ, నారచెప్పులు, మెడలో రుమాలు. వేషం బాగుంది. అతను ఫ్లాస్కు అందుకుని చంకలో పెట్టుకుని, బుర్ర చేత పట్టుకున్నాడు. గుమ్మం దాకా ఏడడుగులు. ఆ తర్వాత రేవు.

నెల్దా అతనికి అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, ఒక్క గుక్క మాతే పోస్తారా? పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాను."

ఈ మాట చెప్పడానికి నటించాల్సిన పనిలేకపోయింది.

అతను తడబడ్డాడు. "లేదు. నీళ్ళు... చల్లారిపోయాయి."

అలసిన మనిషి అడిగితే గుక్కెడు మాతే కాదనడం ఆ క్యూలో ఎవరూ వినలేదు. తలలు తిరిగాయి. నెల్దా గొంతు కాస్త పెంచింది.

"అయ్యో, ఈయన నీళ్ళు చల్లారిపోయాయట పాపం."

అంతే చాలు. తన ఊరివాళ్ళ సంగతి ఆమెకు తెలుసు. మూడు ఫ్లాస్కులు ముందుకొచ్చాయి. బొమ్మలు చూసేసి అప్పుడే ఫ్లాస్కు వెనక్కి తీసుకున్న, ఎద్దు సంగతి తేల్చిన అక్క అందరికన్నా ముందుంది.

"ఇటివ్వు నాయనా, సిగ్గెందుకు. నావి ఇందాకే కాచినవి."

"వద్దండీ, నేను..."

"వద్దంటాడేంటి, ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో. ఒంటరిగా ఉంటావా? పెళ్ళి కాలేదా?"

ఆమె అప్పటికే అతని చంకలోంచి ఫ్లాస్కు లాగి మూత తిప్పేసింది. అతను చెయ్యి చాచాడు. ఆ చేతిని చెల్లెలు ఆప్యాయంగా పట్టుకుంది. నెల్దా అతని ఎడమ పక్కన, క్యూ మొత్తం కుడి పక్కన. పొగలు కక్కే నీళ్ళు గళగళమంటూ ఫ్లాస్కులో పడి అంచు దాకా నిండాయి.

"చూశావా, అడిగితే పోయేదేముంది," అంది అక్క మూత బిగిస్తూ. తర్వాత బుర్రలోకి చూసి ఆగిపోయింది. "ఇదెవరు కలిపారు నాయనా నీకు? నీ మీద కక్షగానీ ఉందా?"

క్యూ అంతా నవ్వింది. అతనూ నవ్వడానికి ప్రయత్నించాడు. నిండు ఫ్లాస్కును మళ్ళీ చంకలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా మెట్లు దిగి రేవు వైపు పోయాడు. ముప్ఫై ఆరు ఫోటోలు ఆ చంకలో ఉడుకుతున్నాయి. అవతలి ఒడ్డున పెద్దకు అతను చెప్పబోయే కథ నూటికి నూరుపాళ్ళూ నిజం. అదే అతని దురదృష్టం.

*

బయట పాకంపప్పుల బండి దగ్గర తెల్ల కోటులో బర్బోసా వేరుశనగలు కలుపుతున్నాడు.

"షాపు ఇవాళ్టితో మూత. ఐవొన్‌తో చెప్పు, సోమవారం మామూలుగానే ముఠా ఆఫీసుకు వెళ్ళాలి."

"ఎన్నాళ్ళు?"

"అవసరమున్నన్నాళ్ళు. పప్పులు కావాలా?"

నెల్దా వెనుదిరిగింది. లోపలికి వెళ్ళేసరికి ఐవొన్ పనివాళ్ళ గదిలో స్టూలు మీద కూర్చుని, చెప్పు బకిలు పెట్టుకోవడానికి నాలుగోసారి ప్రయత్నిస్తోంది. నెల్దా మోకాళ్ళ మీద కూర్చుని బకిలు పెట్టింది.

"నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"పూర్తిగానా?" అంది ఐవొన్. "గుర్తులేదు."

"రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా."

*

ఆదివారం మిల్టన్ రవియోలీ పాస్తా కోసం గంటసేపు క్యూలో నిలబడి వచ్చాడు. రొమీనా టేబుల్ సర్దింది. ఐవొన్ మామూలు స్వెట్టరులో వచ్చింది, ముత్యాలు లేవు. మిల్టన్ మాత్రం రెండోసారి తల దువ్వుకున్నాడు.

"నాన్నా, ఉన్నవే నాలుగు వెంట్రుకలు," అంది రొమీనా.

నెల్దా అందరికీ వడ్డించింది. తన పళ్ళెంలో జున్ను తురుముకుని చల్లుకుంది. చెంచా పక్కన పెట్టింది.

"ఈవిడ రేపట్నుంచి పనికి వెళ్ళదు. మన వెనక గదిలో ఉంటుంది."

ఐవొన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఆమెకూ ఇది ఇప్పుడే తెలిసింది.

"మీ ఆఫీసులో ఒప్పుకున్నారా?" అని అడిగింది మెల్లగా.

"వాళ్ళకు రేపు చెప్తాను. వినకపోతే నా రాజీనామా కూడా చెప్తాను."

రొమీనా తల్లి వంక చూసింది. అమ్మ ఆ గొంతుతో మాట్లాడితే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

"ఎన్నాళ్ళుంటారు?" అన్నాడు మిల్టన్, మర్యాదగానే.

"నిద్ర తీరేదాకా."

మిల్టన్ సాసులో బ్రెడ్డు ముక్క ముంచుతూ బాధగా తల ఆడించాడు.

"అయితే ఆ మంచం మార్చాలి. దాని మీద ఒక్క రాత్రి పడుకుంటే చాలు, ఎంత గుండె నిబ్బరం ఉన్నవాళ్ళయినా అన్నీ ఒప్పేసుకుంటారు."