నాన్న పెట్టెకి ఎరుపు

"ఈసారి వాళ్ళ టార్గెట్ మీ అక్క," అన్నాడు చీఫ్ తల ఎత్తకుండా.

ఏజెంట్ కుర్చీలో కూలబడ్డాడు. అరిగిపోయిన మోకాళ్ళు చాలవన్నట్టు ఇదొకటి. అక్క సైన్యానికి రహస్య సంకేతాలు రాసే మనిషి. ఆమె అడ్డు తొలగితే విదేశీ ముఠాకి ఎదురుండదు. అతనికైతే అక్క తప్ప ఇంకెవరూ లేరు.

"హంతకుడి ముఖం ఎవరికీ తెలీదు. లైబ్రరీలో నెమలిని కలువు. సాయానికి మనుషుల్ని మాత్రం అడక్కు, లేరు."

నెమలి రెండు వైపులా పనిచేసే అందగత్తె. లైబ్రరీలో కంప్యూటర్ మెకానిక్ వేషంలో ఉన్న అతన్ని చూసి పెదవి విరిచింది.

"గొడుగు తెచ్చారా?"

"ఎండకే తడుస్తున్నా," అన్నాడు అతను. కోడ్ సరిపోయింది.

"మీసం ఊడుతోంది, చూసుకోండి. మీ అక్క సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం పెట్టింది కదా, అందులోకి మావాళ్ళు దూరారు. మగవాళ్ళ పెట్టెలు నీలం, ఆడవాళ్ళవి గులాబీ. మీ అక్కది ఒక్కటే ఎరుపు చేశారు. వచ్చేవాడికి మన లిపి రాదు. ఎర్ర పెట్టె నొక్కుతాడు, ఆమె ఉండే చోటుకి మ్యాప్ వస్తుంది, అక్కడికి వెళ్తాడు. ఐదింటికి ఈ హాల్లోనే దాన్ని తెరుస్తాడు."

ఐదు కావస్తోంది. ఏజెంట్ అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, వంశవృక్షం పాస్‌వర్డ్ చెప్పు."

"చూడరా చూడరా అని నెలల తరబడి మొత్తుకుంటే ఇప్పటికి తీరిందా? నాన్న పుట్టినరోజు."

అతని వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"గుర్తులేదు కదూ," అంది అక్క. ఒక్కో అంకే నెమ్మదిగా చెప్పింది.

సెట్టింగ్స్‌లో రంగులు తెరిచి అక్క పెట్టెని గులాబీ చేశాడు. కానీ ఎరుపే కనబడకపోతే వాడికి అనుమానం వస్తుంది, చేజారిపోతాడు. మరి ఎవరిని ఎరుపు చేయాలి? బతికున్న ప్రతివాడూ ఎవరికో ఒకరికి కావలసినవాడే. పోయినవాళ్ళ పెట్టె నొక్కితే సమాధి ఉన్న చోటు వస్తుందని అక్క ఎప్పుడో చెప్పింది, అతను వినీ విననట్టు ఊరుకున్నాడు.

"ఏమనుకోకు నాన్నా," అని గొణిగి, ఎరుపు ఎంచి సేవ్ నొక్కాడు. అప్పుడే గోడ గడియారం ఐదు కొట్టింది. తలుపు తోసుకుని ఓ గుంపు లోపలికొచ్చింది. వాళ్ళలో వాడెవడో! అతను సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

పొద్దు వాలుతుండగా శ్మశానంలో ఓ కొత్త మనిషి నాన్న సమాధి ముందు నిలబడి, ఫోనూ రాయీ మార్చి మార్చి చూస్తున్నాడు. కోటు కింద తుపాకీ ఉబ్బెత్తుగా కనబడుతోంది. ఏజెంట్ వెనకనుంచి వెళ్ళి వాడి చేతులు విరిచి పట్టుకున్నాడు. మోకాళ్ళు మాత్రం గోల పెట్టాయి.

వాడికి బేడీలు వేశాక ఫోన్ తీశాడు.

"అక్కా, నీకోసం వచ్చినవాడు దొరికాడు. నాన్న సమాధి దగ్గర."



"పోన్లేరా," అంది అక్క. "వాడి పుణ్యమా అని నువ్వూ నాన్న దగ్గరికి వెళ్ళావు."